తడి బియ్యం, పొడి బియ్యం

నా కోట్లకు జేబులుండవు. రాజమండ్రిలో నాకు బట్టలు కుట్టే దర్జీ మొదట్లో నవ్వేవాడు. "మేష్టారూ, జేబులేని కోటు కోటెలా అవుతుందండీ? సుద్దముక్క ఎక్కడ పెట్టుకుంటారు?" అని అడిగేవాడు. సుద్దముక్క చేత్తోనే పట్టుకుంటాను, నీకెందుకయ్యా అనేవాణ్ణి. ఏళ్ళ తరబడి అలాగే కుట్టించుకుంటున్నాను గనక ఇప్పుడు అడగడం మానేశాడు. క్లాసులో పిల్లలు నా వెనకాల ఒక పేరు పెట్టుకున్నారు, అది ఇక్కడ రాయను. మా ఆవిడ మాత్రం ఇదంతా పిసినారితనం అనుకుంటుంది. అలాగే అనుకోనిచ్చాను. నిజం చెప్పడం కంటే పిసినారి అనిపించుకోవడమే నాకు తేలికైంది.

నేను ఎఫ్.ఏ. క్లాసుకు తర్కం చెబుతాను. ఒక మాటలోంచి ఇంకో మాట ఎప్పుడు పుడుతుంది, ఎప్పుడు పుట్టదు అని ప్రతి సంవత్సరం నలభైమంది కుర్రవాళ్ళకు చెప్పి పంపిస్తుంటాను. ఈ విద్య నాకు నేర్పిన మేష్టారు అరవదేశం నుంచి వచ్చినవాడు. సన్నగా, ఎప్పుడూ జలుబుతో ఉండేవాడు. ఆయన మొదటిరోజు బల్లమీద మూడు వాక్యాలు రాశాడు. లాకు తెరిస్తే కాలవ నిండుతుంది. ఇవాళ కాలవ నిండింది. కాబట్టి ఇవాళ లాకు తెరిచారు. "ఇది సరేనా?" అని అడిగాడు. మేమంతా గోదావరి జిల్లా వాళ్ళం, కాలవల గురించి మాకు ఒకరు చెప్పాలా? సరే అని ఒక్క గొంతుతో అరిచాం. ఆయన ముక్కు తుడుచుకుని కిటికీ చూపించాడు. బయట రాత్రినుంచి వాన పడుతూనే ఉంది.

"లాకు మూసే ఉంది. వానకి నిండింది. ఒక పనికి ఒక ఫలితం ఉందని తెలిసినంతమాత్రాన, ఆ ఫలితం కనబడ్డ చోటల్లా ఆ పనే జరిగిందనకండి. అది రావడానికి ఇంకెన్ని దారులున్నాయో ముందు వెతకండి" అన్నాడు.

ఈ మాట నాకు ఎంత నచ్చిందంటే, దాన్ని పట్టుకుని కనబడినవాళ్ళనందరినీ వేపుకుతిన్నాను. నేను భోంచేసే పూటకూళ్ళ ఇంట్లో ఎవరైనా పులుసు పుల్లగా ఉంది, చింతపండు ఎక్కువైందంటే ఊరుకునేవాణ్ణి కాదు. మామిడికాయ పడి ఉండవచ్చు, నిన్నటి పులుసు అయి ఉండవచ్చు అని వాదించేవాణ్ణి. పూటకూళ్ళావిడ గరిటె ఎత్తి, "నిన్నటిదంటావా! లే ముందు విస్తరి ముందునుంచి" అనేది. పంతొమ్మిదేళ్ళ వయసు. వాదనలో గెలిస్తే నిజాన్ని గెలిచానని అనుకునే వయసు అది.

ఆ ఏడు క్రిస్మస్ సెలవులకు పడవమీద మా ఊరు వెళ్ళాను. అప్పటికింకా మా వైపు రైలు రాలేదు, ప్రయాణాలన్నీ కాలవ పడవల మీదే. మా ఊరు రామచంద్రపురానికి ఇవతల, కాలవ గట్టునే ఉంటుంది. అమ్మా నాన్నా చిన్నప్పుడే పోతే, పదిహేనేళ్ళు పెద్దవాడైన మా అన్నయ్యే నన్ను పెంచాడు. ఆయనే నాకు మొదటి కోటు కుట్టించాడు. నల్లటి కోటు, లోపలివైపు కూడా ఒక జేబు. ఆ లోపలి జేబు చూసి ఎంత మురిసిపోయానో చెప్పలేను. కోటు ఊరంతా చూడాలని నా కోరిక. చలి వంకతో నూర్పిడి జరుగుతున్న కళ్ళానికి కూడా అదే తొడుక్కుని, తర్కం పుస్తకం చేత్తో పట్టుకుని వెళ్ళి, గడ్డిమోపు మీద దొరలా కూర్చునేవాణ్ణి.

ఒకరోజు పొద్దున్న అన్నయ్య కూతుర్ని కూడా నా వెంట తీసుకెళ్ళాను. దానికి మూడేళ్ళు. కుడిచేతికి సన్నటి బంగారు కడియం ఉండేది. అది మా అమ్మది కరిగించి చేయించింది, అందుకని వదినకి దానిమీద ప్రాణం. పిల్ల గడ్డిలో దొర్లింది. కాసేపటికి నూగు తగిలి ఒళ్ళంతా దురదలు పుట్టి ఏడుపు లంకించుకుంది. కడియం కింద చర్మం ఎర్రగా కందిపోయింది. నేను ఒక చేత్తో పుస్తకం పట్టుకునే, ఇంకో చేత్తో కడియం తీసి లోపలి జేబులో వేశాను. పిల్ల చెయ్యి ఊదాను. సరిగ్గా అప్పుడే, నూర్పిడికి పనల మీద తిరిగే ఎడ్లలో ఒకటి కాలు మడతపడి కూలబడింది. అన్నయ్య కేకేస్తే పుస్తకం పారేసి పరుగెత్తాను. ఎద్దును లేపి, కాలికి కట్టు కట్టి వచ్చేసరికి ఎండెక్కింది. పిల్లని కూలీల్లో ఎవరో ఇంటికి దిగబెట్టారు. నేను ఇంటికి వెళ్ళి, దుమ్ము కొట్టుకుపోతోందని కోటు విప్పి, ఇక ప్రయాణానికే తొడగాలని మడత నలగకుండా పెట్టెలో పెట్టుకున్నాను.

కడియం సంగతి పూర్తిగా మరిచిపోయాను. నమ్మాలనుకున్నవాళ్ళు నమ్మండి, అంతకంటే చెప్పడానికి నా దగ్గర ఏమీ లేదు. కడియం తీసింది పుస్తకం లేని చెయ్యి, మనసు పుస్తకంలోనే ఉంది.

మధ్యాహ్నం వదిన పిల్లకి అన్నం పెడుతూ చెయ్యి చూసి గొల్లుమంది. కళ్ళమంతా వెతికారు. గడ్డి తిరగేశారు. సాయంత్రానికి అన్నయ్య మొహం మారిపోయింది. ఆ పొద్దున కళ్ళంలో ఉన్న కూలీలు ఆరుగురు. వాళ్ళని వరసగా నిలబెట్టి, రేపటిలోగా తియ్యకపోతే మునసబుకు అప్పగించి తోలు ఊడదీయిస్తానన్నాడు.

నేను అడ్డుపడ్డాను. కొట్టడం అనాగరికం అని నా అభిప్రాయం. పైగా ఇంత చదువుకున్నది ఎందుకు?

"అన్నయ్యా, ముందు ఆలోచిద్దాం. పొద్దున్న వచ్చేటప్పుడు పిల్ల చేతికి కడియం ఉంది. అది నేను చూశాను. మధ్యాహ్నం లేదు. బయటివాళ్ళెవరూ కళ్ళంలోకి రాలేదు. వెతికితే దొరకలేదు కాబట్టి పడిపోలేదు. కాబట్టి ఈ ఆరుగురిలో ఒకరు తీశారు" అన్నాను.

అన్నయ్య నా వైపు గర్వంగా చూశాడు. నాకింకా ఆ చూపు గుర్తుంది. కళ్ళంలో ఆరుగురు కూలీలు, అన్నయ్య, నేను. అన్నయ్య ఎడ్ల దగ్గర ఉన్నాడని లెక్కలోంచి తీసేశాను. నన్ను తీసెయ్యలేదు. అసలు వేసుకోనే లేదు.

తీసినవాళ్ళు ఎవరో తేల్చడానికి ఉపాయం కూడా నేనే చెప్పాను. మా వైపు పాత ఆనవాయితీ ఒకటుంది. దొంగతనం జరిగితే బియ్యానికి పసుపు కలిపి, అమ్మవారి ముందు పెట్టి మంత్రించి, అనుమానం ఉన్నవాళ్ళందరిచేతా తలో గుప్పెడు నమిలిస్తారు. తర్వాత అరిటాకు మీద ఉమ్మాలి. దొంగ నోట్లో బియ్యం పొడిపొడిగా పిండిలాగే ఉంటుంది, మిగిలినవాళ్ళది తడిగా ముద్దగా వస్తుంది. ఇది అప్పటికే మా ఊళ్ళో వెనకబడిపోయింది. అన్నయ్యకి అసలు నమ్మకం లేదు. "ఏంట్రా, రాజమండ్రి వెళ్ళి నేర్చుకున్నది ఇదా?" అని నవ్వాడు.

నమ్మించినవాణ్ణి నేను. మంత్రం వట్టిదే గాని, మనిషి భయపడితే నోరు ఎండిపోతుందన్నది ఒళ్ళు చేసే పని, దొంగ భయపడతాడు, కాబట్టి దొంగ నోరు ఎండుతుంది, ఇందులో అమ్మవారూ లేదు, మంత్రించే ఆసాదీ లేడు, ఇది శాస్త్రం అని చెప్పాను. అరవ మేష్టారు బల్లమీద రాసిన మూడు వాక్యాలూ నాకు నోటికి వచ్చు. లాకు తెరిస్తే కాలవ నిండుతుంది. అయినా ఒక్క క్షణం కూడా అవి నాకు అడ్డం రాలేదు. మూలపడ్డ మూఢనమ్మకానికి కోటు తొడిగి మళ్ళీ ఊళ్ళోకి తీసుకొచ్చినవాణ్ణి నేనే.

మర్నాడు పొద్దున్న కళ్ళంలోనే ఏర్పాటు జరిగింది. మంత్రించే ముసలాయన తట్టలో పసుపు బియ్యం తెచ్చాడు. ఆరు అరిటాకులు పరిచారు. నేను ఏడోది కూడా వేయించాను. అందరికీ ధైర్యం రావాలని, ఇది న్యాయంగా జరుగుతోందని చూపించాలని, ముందు నేను నములుతానన్నాను. అన్నయ్య వద్దన్నా వినలేదు. గుప్పెడు బియ్యం నమిలి ఆకుమీద ఉమ్మాను. చక్కగా తడిసి, ముద్దగా వచ్చింది. ముసలాయన తల ఊపాడు. నాకు నవ్వు కూడా వచ్చింది.

ఐదుగురు నమిలారు. ఒకరిది కొంచెం పొడిగా ఉన్నా తడి లేదనడానికి లేదు. ఆరో మనిషి ఒకావిడ. కాలవ అవతలి పేటనుంచి వచ్చేది. పాతికేళ్ళుంటాయేమో. నేను గడ్డిమోపు మీద కూర్చున్న పొద్దున, నాకు ఎదురుగా పది అడుగుల దూరంలో చేటతో ధాన్యం ఎగరబోస్తూ ఉన్నది ఆవిడే. ఆ ఏడే వాళ్ళ పేటలో చాలా కుటుంబాలు మిషను గుడిలో బాప్తిస్మం తీసుకున్నాయి. ఆవిడ బియ్యం ముట్టుకోలేదు.

"నేను తియ్యలేదండి. ఇది అమ్మోరి ముందు పెట్టిందండి, మేం తినకూడదండి. దేవుడి మీద ఒట్టేసి చెప్పమంటే చెప్తానండి, ఇది మాత్రం వద్దండి" అంది.

"తప్పించుకోవడానికి దేవుడు అడ్డమొచ్చాడా?" అని అన్నయ్య ఒక అడుగు ముందుకేశాడు. ఆమె నా వైపు తిరిగింది. "చిన్నబాబుగారండీ, ఆ పొద్దున పాప ఏడ్చింది గదండీ. అప్పుడు మీ దగ్గరే ఉంది గదండీ. ఓపాలి బాగా గుర్తు తెచ్చుకోండి" అంది.

"ఏంటే? నా తమ్ముడి మీదకే తోస్తున్నావా?" అని అన్నయ్య పెట్టిన కేకకు కొబ్బరిచెట్టు మీది కాకులు లేచాయి. ఆమె తల దించుకుంది. మళ్ళీ ఆ మాట ఎత్తలేదు.

నేను గుర్తు తెచ్చుకోలేదు. వాదంలో చిక్కినవాళ్ళు మాట మారుస్తారని పుస్తకంలో చదివాను, ఇది అదే అనుకున్నాను. మెత్తగా, మంచి మాటలతో ఆమెకు నచ్చజెప్పాను. ఈ బియ్యంలో ఏ అమ్మవారూ లేదు, మీ దేవుడికి కోపం రాదు, తప్పు చెయ్యనిదానివైతే నీకు భయం దేనికి, నేను నమల్లేదా అన్నాను. ఆమెకున్న ఒక్క ఆసరా ఆ వద్దన్న మాటే. దాన్ని కూడా తర్కంతో ఊడబెరికాను. ఆమె చాలాసేపు నా ఆకు వైపు చూసింది. తర్వాత గుప్పెడు తీసుకుని నమిలింది. నమిలి నమిలి దవడలు నొప్పిపుట్టేదాకా నమిలింది. ఉమ్మితే పచ్చటి పిండి ఆకుమీద పొడిగా రాలింది. కొంత గాలికి ఎగిరిపోయింది.

 అన్నయ్య ఆమెను కొట్టలేదు, అది నా మాటకిచ్చిన మర్యాద. కళ్ళంలోంచి వెళ్ళిపొమ్మన్నాడంతే. మూడురోజుల్లో చుట్టుపక్కల ఏ కళ్ళంలోనూ ఆమెను పనికి పిలిచేవాళ్ళు లేకపోయారు. ఏడాది తిండి గింజలు వచ్చేది ఆ నాలుగు వారాల్లోనే. పైగా అమ్మవారి బియ్యం తిన్నందుకు మిషను గుడిలో ఆమెను గుమ్మం బయట కూర్చోమన్నారని కూడా విన్నాను. విని జాలిపడ్డాను. నిజంగానే జాలిపడ్డాను, దొంగమీద జాలిపడే ఉదారుణ్ణని లోలోపల సంతోషం కూడా పడ్డాను.

నాలుగో రోజు తెల్లవారుజామున రాజమండ్రికి పడవ ఎక్కాను. మంచు దట్టంగా పట్టింది. కోటు తొడుక్కుని, చలికి చేతులు చంకల్లోకి దూర్చుకున్నాను. పక్కటెముకకు ఏదో గుచ్చుకుంది. లోపలి జేబులో చెయ్యి పెట్టాను.

చల్లగా ఉంది. బయటికి తీసి చూడక్కర్లేకపోయింది. వేలు ఆ గుండ్రంలోకి దూరేసరికి, పిల్ల ఏడుపు, కందిన చెయ్యి, నేను ఊదడం, అన్నీ ఒక్కసారి కళ్ళముందు నిలబడ్డాయి.  పడవ అంచుకు వంగి వాంతి చేసుకున్నాను. పక్కన కూర్చున్న పెద్దాయన పడవ పడదేమో పాపం అన్నాడు.

మొదటి లాకు దగ్గర దిగి, గట్టువెంట వెనక్కి నడిచాను. రెండు కోసులుంటుంది. దారంతా నాతో నేను వాదించుకున్నాను. చెప్పెయ్యాలి అనుకుంటూ బయల్దేరాను. సగం దూరం నడిచేసరికి, ఎలా చెప్పాలి అన్నదాకా వచ్చాను. ఊరి కొబ్బరితోపులు కనబడేసరికి, చెప్పడం ముఖ్యమా, ఆమె మీద పడ్డ నింద పోవడం ముఖ్యమా అని అడుగుతున్నాను. కడియం కళ్ళంలోనే దొరికితే అది పడిపోయిందని తేలుతుంది. పడిపోతే ఎవరూ తియ్యనట్టే. ఎవరూ తియ్యకపోతే ఆమె దొంగ కాదు. నా పేరు రాదు, ఆమె పేరు పోదు. మూడు మెట్లూ ఎంత బాగా కుదిరాయో! కళ్ళంలో అన్నాల వేళ ఎవరూ లేనప్పుడు, ఎగరబోసిన తాలు గింజల కుప్పలో కడియం దూర్చి, ఇంటికి వెళ్ళాను. పుస్తకం మరిచిపోయి వచ్చానని చెప్పాను. ఏ పుస్తకమని వదిన అడిగింది. తర్కం పుస్తకమని చెప్పాను.

మర్నాడు తాలు ఎత్తుతుంటే కడియం దొరికింది. వదిన ఏడ్చింది, నవ్వింది, పిల్లని ముద్దులాడింది. నేను అన్నయ్య వైపు చూశాను.

"చూశావురా? అదీ బియ్యం మహిమ! మనం ఈ కుప్ప రెండుసార్లు తిరగేశాం. అప్పుడు లేనిది ఇప్పుడెలా వచ్చింది? నోరెండి పట్టుబడ్డాక భయపడి తెచ్చి ఇక్కడ పడేసింది. నీ తర్కం నాయనా, మునసబు కట్టె కంటే గట్టిది" అని నా వీపు తట్టాడు.

దొరక్కపోతే ఆమె దాచింది. దొరికితే ఆమె తెచ్చి పడేసింది. ఇంక ఏం జరిగితే ఆమె దొంగ కాకుండా పోతుంది? ఏమీ లేదు. ఆమె చుట్టూ నాలుగు గోడలూ నేనే కట్టాను, గుమ్మం పెట్టడం మరిచిపోయాను.

ఆ సాయంత్రం అన్నయ్య పెద్దమనసు చేసుకున్నాడు. ఆమెను పిలిపించి, తిరిగి ఇచ్చింది గనక క్షమించానని, కళ్ళంలోకి పనికి రమ్మని, ఒక కుంచెడు ధాన్యం కొలిపించబోయాడు. ఆమె కొంగు పట్టలేదు. "నేను తియ్యలేదండి. తెచ్చి పడెయ్యలేదండి" అంది. అని నా వైపు చూసింది. కోపంగా కాదు. ఏదో లెక్క తేలక అడుగుతున్నట్టు చూసింది.

నేను నోరు తెరిచాను. నాలుక అంగిలికి అంటుకుపోయింది. మింగడానికి గుటక కూడా లేదు. అప్పుడు నా చేత బియ్యం నమిలించి ఉంటే పిండే రాలేది. ఎవరూ నమిలించలేదు. ఆమె వెళ్ళిపోయింది. నెల తిరక్కుండా ఆ కుటుంబం పేట ఖాళీ చేసి ఎటో వెళ్ళిపోయిందని అన్నయ్య ఉత్తరంలో ఒక వాక్యం రాశాడు. ఆ ఏటి పరీక్షలో కాలవ ప్రశ్న వచ్చింది. క్లాసంతటిలోకీ నా జవాబే బాగుందని అరవ మేష్టారు చదివి వినిపించాడు.

తర్వాత పదమూడేళ్ళు ఆ ఆకుమీది పచ్చటి పిండి నన్ను వదల్లేదు. అన్నం కలుపుతుంటే కనబడేది. క్లాసులో సుద్దపొడి రాలితే కనబడేది. కోటు తొడుక్కున్న ప్రతిసారీ లోపలివైపు చల్లగా ఏదో తగిలినట్టుండేది, ఆ బాధ పడలేకే జేబులు మానేశాను. నిద్రపట్టడానికి నాకొక సమాధానం తయారుచేసుకున్నాను. పాపం ఆమెకు కొత్త దేవుడు, అమ్మవారి బియ్యం తింటే పాపమని భయపడింది, అందుకే నోరెండింది. అంటే వాన వల్ల నిండిన కాలవ. కారణం తెలిసింది గనక నేరం సగం తగ్గినట్టు అనిపించేది.

ఇది జరిగిన పదమూడో ఏట, అన్నయ్య కూతురు ఆ పిల్లకే పిల్ల పుట్టింది. బారసాలకు వెళ్ళాను. వదిన పెట్టెలోంచి ఆ కడియమే తీసి పసిదాని చేతికి తొడిగింది. వచ్చినవాళ్ళకు కథ చెప్పారు. బియ్యం, ఆకులు, పొడి, తాలు కుప్ప, అన్నీ చెప్పారు. "మా చిన్నాన్న తర్కంతో దొంగని పట్టేశారు" అని ఆ పిల్ల నన్ను చూపించింది. నేను లేచి బయటికి వచ్చేశాను. ఆ సాయంత్రం అన్నయ్యను ఒంటరిగా కూర్చోబెట్టి మొత్తం చెప్పాను. జేబు, పడవ, లాకు, తాలు కుప్ప, ఒక్కటీ దాచలేదు.

అన్నయ్య చాలాసేపు విన్నాడు. తర్వాత నా తల నిమిరాడు. "నీది చిన్నప్పట్నుంచీ జాలి గుండెరా. ఆ మనిషిని తలుచుకుని ఇన్నాళ్ళు బాధపడి, నెత్తిన వేసుకుంటున్నావు. అది తీసింది, నువ్వు కాదు. నోరెండలేదూ?" అన్నాడు.

ఒట్టేశాను. ఒట్టు కూడా జాలివల్లే అన్నాడు.

మర్నాడు పడవలో తిరిగి వస్తూ, ధవళేశ్వరానికి ఇవతల ఒక లాకులో ఆగాం. నీళ్ళు పైకి ఎక్కేదాకా ప్రయాణికులు గట్టెక్కి కాళ్ళు చాపుకుంటారు. అక్కడ ఇద్దరు ఆడవాళ్ళు తుంగచాపలు అల్లి అమ్ముతున్నారు. పెద్దామె గోటితో తుంగపోచను వెంట్రుకంత సన్నగా చీలుస్తూ, పక్కనున్న చిన్నదాన్ని అడుగుతోంది.

"అమ్మీ, ఆ ఆగింది పడవేనా?"

"పడవే అత్తా."

"దిగినోళ్ళు నలుగురేనా?"

"నలుగురే."

పాపం కళ్ళకు శుక్లాలు కమ్మాయనుకున్నాను. శుక్లాలున్న మనిషి పోచను అంత సన్నగా ఎలా చీలుస్తుందని నాకు తోచలేదు. ఆమె తల ఎత్తి నన్ను చూసింది. చూసి, మళ్ళీ కోడలివైపు తిరిగింది. "నల్లకోటు తొడుక్కున్నాడా ఆయన?" అని అడిగింది. ఆ గొంతు నేను మరిచిపోలేదు.

దగ్గరికి వెళ్ళి నిలబడ్డాను. నేనెవరో చెప్పుకున్నాను. ఏ వాక్యం ముందు, ఏది వెనక అని పదమూడేళ్ళు కూర్చుకున్నదంతా పోయింది. "ఆ కడియం నేనే తీశాను. జేబులో వేసుకుని మరిచిపోయాను. తాలు కుప్పలో పెట్టిందీ నేనే. నువ్వు కాదు" అన్నాను.

తుంగపోచ ఆమె వేళ్ళలో ఆగిపోయింది.

"మీరు పాప చేతిది తీసి కోటులో వేసుకోడం నేను చూశానండి" అంది.

 "మరి అప్పుడు నువ్వు భయపడింది... మీ దేవుడి గురించి కాదా?" అన్నాను.

"దేవుడికి తెలుసు గదండీ, ఆయనంటే నాకేం భయం? చూసింది చెప్తే పెద్దబాబుగారు చంపేస్తారు. చెప్పకపోతే నేనే దొంగని. నోట్లో తడెక్కడినుంచి వస్తదండీ?" అంది. పోచను ఒళ్ళో పెట్టుకుంది. "అది కూడా కాదండీ. మీరు ముందు నమిలారు గదా. మీ ఆకుమీద చూశాను. తడిగా ఉంది. మీ మొహం చూస్తే ఏమీ తెలవనట్టే ఉంది. చదువుకున్న బాబు, ఈయన అబద్ధం ఎందుకాడతాడు, అయితే నా కళ్ళే తప్పు చూశాయేమో అనుకున్నానండి. అప్పుడేనండి నా నోరు ఎండిపోయింది."

కోడలు మెల్లగా అంది. "నేను కాపరానికి వచ్చినకాడ్నుంచీ ఇంతేనండి. పొయ్యిలో నిప్పుందా అని కూడా నన్నే అడుగుద్ది. కళ్ళు బాగానే ఉన్నాయన్నాడండి మిషను ఆసుపత్రి డాక్టరు."

నేను ఆమె అన్నం లాక్కున్నాననీ, పేరు చెడగొట్టాననీ ఇన్నేళ్ళూ కుమిలాను. తీసుకున్నది వేరే ఉంది. కళ్ళతో చూసినదాన్ని చూశానని అనుకునే ధైర్యం తీసుకున్నాను. అంత పెద్దది పోగొట్టుకుని ఆమె ఎలా బతికిందో నాకు తెలియదు. అదీ అడగలేదు, క్షమించమని కూడా అడగలేదు.

"మళ్ళీ చెప్పండి" అంది ఆమె.

మళ్ళీ చెప్పాను. కోడల్ని దగ్గరికి రమ్మని, దానికి వినబడేలా ఇంకోసారి చెప్పమంది. చెప్పాను. ఆమె కళ్ళు తుడుచుకోలేదు, నీళ్ళు అలాగే కారనిచ్చింది. లాకులో నీళ్ళు పైకి వచ్చాయి, మా పడవవాడు కేకేస్తున్నాడు. నేను కదల్లేకపోయాను.

అప్పుడు ఎగువనుంచి ఇంకో పడవ మలుపు తిరిగింది. ఆమె తల ఎత్తి కాలవ వైపు చూసింది. కోడలు అలవాటుగా నోరు తెరిచింది. ఆమె చెయ్యి అడ్డం పెట్టి ఆపింది.

"పడవొస్తంది" అంది. కాసేపు అలాగే చూసింది. "గెడేసేవోడు ఒక్కడే. ఎర్ర తలగుడ్డ."

నేను కూడా చూశాను. ఎర్ర తలగుడ్డే.